సముద్రమును తూచుట



విజయవాడ రైల్వేస్టేషనులో బండికొరకు ఎదురుచూచుచు ప్లాట్‌ఫారము చివరిదాక నడచినవారు అక్కడి పసుపుపచ్చని పలకను చూచియే యుందురు. దానిమీద ఊరిపేరు మూడు లిపులలో, దూరమునుండి కనబడునంత పెద్ద నల్లని అక్షరములతో ఉండును. ఆ పేరునకు క్రింద, ఎవరును అంతగా పట్టించుకొనని చోట, సముద్రమట్టమునకు ఆ స్థలము ఎన్ని మీటర్ల ఎత్తున ఉన్నదో తెలుపు ఒక చిన్న అంకె ఉండును. సముద్రము ఇక్కడికి కనబడదు. బందరు డెబ్బది కిలోమీటర్ల దూరము. అయినను బెజవాడలో నిలిచిన మన పాదములు ఎంత ఎత్తున ఉన్నవో చెప్పవలసి వచ్చినపుడు, మనము ఆ కనబడని సముద్రమునే సాక్ష్యమునకు పిలుచుచున్నాము.

నేడు ఆ సాక్షిని గురించియే నాలుగు మాటలు చెప్పదలచితిని. సముద్రమట్టము నిజముగా మట్టముగా ఉన్నదా? లేనియెడల దానిని ఎగుడుదిగుడుగా నిలిపియుంచినది ఏది? ఓడలమీదనుండియు, ఆకాశమున తిరుగు ఉపగ్రహములనుండియు ఆ ఎగుడుదిగుడులను ఎట్లు కొలుచుచున్నారు? ఇదియే మన ముచ్చట.

మట్టము అను మాట డెల్టావారికి క్రొత్తది కాదు. ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానీరు నిండుగా నిలిచినపుడు దాని ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 57 అడుగులు. బ్యారేజి తలుపులనుండి బందరు కడలివరకు, నడుమనున్న లాకులన్నియు దాటి, చిట్టచివరి చేనివరకు నీటిని నడిపింపవలసిన పల్లమంతయు ఆ 57 అడుగులలోనే ఇమిడియున్నది. సరాసరిని లెక్కించినచో కిలోమీటరునకు జానెడు. 1855లో పాత ఆనకట్టను పూర్తిచేసినవారును, 1957లో దాని స్థానమున బ్యారేజిని నిలిపినవారును, ఈ జానెడు పల్లమును పిసినారి ధనమువలె లెక్కపెట్టి పంచుకొనవలసినవారే. జానెడు, జ్ఞాపకముంచుకొనుడు. ఈ జానెడుతో మనకు ముందు పని యున్నది.

నా బాల్యము బందరు కాలువగట్టున గడచినది. మా ఊరి లాకు రెండు గోడలకును అడుగులు, అంగుళములు గీతలుగా వ్రాసిన గేజీ పలకలు ఉండెడివి. ఒక వేసవిలో, కాలువ కట్టివేసిన దినములలో, ఓవర్సీయరుగారు మూడుకాళ్ల పీటమీద దుర్భిణివంటి యంత్రమును నిలిపి, గొడుగు పట్టించుకొని, ఎదుట ఎఱుపు నలుపు గళ్ల కఱ్ఱను పట్టుకొని నిలిచిన కూలివానిని కొంచెము ఇటు, కొంచెము అటు అని జరుపుచు, వానిలో ఒక పలకను మరల బిగింపించుచుండిరి. పని ముగిసిన పిమ్మట లాకు లస్కరు నా చెవిలో, “రేపు తెల్లారగట్ల చూద్దాం బాబూ, గాలి లేనప్పుడు. మట్టం మనం పెట్టేది కాదు, నీళ్లు పెడతాయి” అనెను. మరునాడు వేకువను ఇద్దరమును పోయి చూచితిమి. నీరు అద్దమువలె నిలిచియున్నది. లాకు ఈ గోడ గీతయు, ఆ గోడ గీతయు సరిగా ఒకేచోట నీటిని తాకుచున్నవి. లస్కరు తృప్తిగా బీడీ ముట్టించుకొనెను. ఆ మాట లోతు నాకు చాల ఏండ్ల తరువాతగాని తెలియలేదు.

సరే, సముద్రము కడకు పోవుదము. మన దేశమున ఎత్తులన్నిటికిని మూలమగు సముద్రమట్టమును నిర్ణయించినది భారత సర్వే శాఖ. కరాచీ, బొంబాయి, కొచ్చిన్, నాగపట్నము, మద్రాసు, విశాఖపట్నము మున్నగు తొమ్మిది రేవులలో ఆటుపోట్లను ఏండ్లతరబడి వ్రాసి, సరాసరి కట్టి, ఆ తొమ్మిది చోట్లను సముద్రము ఒకే మట్టమున ఉన్నదని భావించి, 1909 నాటికి దేశమంతట ఎత్తులను వానితో ముడివేసిరి. గాలులవలనను, ప్రవాహములవలనను, నీటి ఉప్పదనములోని తేడాలవలనను రేవునకు రేవునకు నడుమ జానెడు బెత్తెడు భేదము ఉండును. అది చిన్న సంగతి. నేను చెప్పబోవునది పదుల మీటర్ల సంగతి.

ఒక తాపీమేస్త్రీ గోడ కట్టుచు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయును. ఆ దారము భూమి మధ్యకు చూపునని మన నమ్మకము. అయితే ఆ మేస్త్రీ ఇంద్రకీలాద్రి పాదమున గోడ కట్టుచున్నాడనుకొందము. అంత కొండ ప్రక్కనే ఉన్నది గదా! బరువుగల ప్రతి వస్తువును మరియొక వస్తువును తనవైపునకు లాగును. కొండ ఆ గుండును తనవైపు రవంత లాగును. కంటికి కనబడదు, గోడకు హాని లేదు. కాని లాగుట నిజము. గుండును లాగినట్లే నీటిని గూడ లాగును.

ఇప్పుడు ఆ కొండను తీసి సముద్రపు అడుగున పెట్టుడు. దాని చుట్టునున్న నీరు నలుదిక్కులనుండి దానివైపు జరిగి, దానిమీద రవంత పోగుపడును. అడుగున రెండువేల మీటర్ల కొండ యున్నచో, పైన నీరు ఇంచుమించు రెండు మీటర్లు ఉబ్బును. అడుగున బరువు తక్కువైన చోట నీరు చుట్టుప్రక్కలకు తొలగి పైతలము క్రుంగును. శ్రోతలు ఈ ఒక్క మాటను మనసున నిలుపుకొన్నచో మిగిలినది సులభము: బరువున్న చోటికి నీరు చేరును, బరువు లేని చోట నీరు క్రుంగును. సముద్రపు పైముఖము అడుగున దాగిన బరువులకు పటము.

మరి ఆ ఉబ్బు ఎక్కునపుడు పడవకు ఎగువ ఎక్కినట్లుండదా? క్రుంగిన చోట పడవ జారిపోదా? జారదు. జారుటకు వాలు కావలెను. మేస్త్రీ దారమునకు అడ్డముగా, లంబముగా ఉన్నది ఎల్లప్పుడును మట్టమే. నీరు ఎక్కడ నిలిచినను ఆ దారమునకు లంబముగానే నిలుచును. దారమే వంగినపుడు, దానితోపాటు మట్టమును వంగును. పడవలోని మనుష్యుడును, దీపపు కుందియు, మంచినీటి కుండయు అన్నియు కలిసి వంగును గనుక ఎవ్వరికిని తెలియదు. ఈ విధముగా ఆకర్షణచేత తీర్చబడిన నీటి ఆకృతినే శాస్త్రజ్ఞులు జియాయిడ్ అందురు.

తెలియని దానిని కొలుచుట ఎట్లు? మొదట ఆకర్షణను తూచవలెను. నేలమీద ఇది పాతపనియే. మన దేశమున 1865 మొదలు కెప్టెన్ బేసెవీ అను సర్వే అధికారి, ఊగు లోలకములను పెట్టెలలో మోసికొని ఊరూర తిరిగి, ఆకర్షణ ఎక్కువైన చోట లోలకము త్వరగా ఊగునను సూత్రముచే తూచెను. సముద్రతీరమునను, మినికాయ్ వంటి దీవిలోను ఆకర్షణ కొంచెము హెచ్చుగాను, దేశము లోపలికి, పర్వతములవైపునకు పోయినకొలది అనుకొన్నదానికన్న తక్కువగాను ఉన్నట్లు ఆయన కొలతలలో తేలినది. 1871లో హిమాలయములలో ఈ పనిమీదనే ఉండగా, చలిలోను ప్రయాసలోను ఆయన ప్రాణము విడిచెను.

ఎంత సూక్ష్మమగు కొలతయో మీకు తెలియుటకు మన ధాన్యపు బస్తాను తెచ్చెదను. డెబ్బది అయిదు కిలోల బస్తా. దానిలోనుండి మూడు నాలుగు వడ్లగింజలను, మన బాపట్ల సాంబమసూరి వంటి సన్నరకమైనచో అయిదింటిని, తీసివేసినారనుకొనుడు. బస్తా తేలికయైనదా? అయినది. ఎంత? పది లక్షలలో ఒక పాలు. ఆకర్షణలో అంత తేడాను ఒక మిల్లీగాల్ అందురు. గెలీలియో పేరిట వచ్చిన మాట అది. సముద్రముమీద తూచువారు పట్టుకొనవలసినది ఇదియే. బస్తాలో మూడు నాలుగు గింజలు.

ఇక ఆ తూకము ఓడమీద వేయవలెను. గిలకలదిండి రేవున మరపడవ దిగకముందే, అలలమీద ఊగు పడవలోనే, స్ప్రింగు కాటాకు చేపల గంపను తగిలించి చూచినవారికి ఈ కష్టము తెలియును. పడవ లేచినపుడు ముల్లు బరువెక్కును, దిగినపుడు తేలికపడును. ఒకానొక మత్స్యకారుడు నాతో, “ఒడ్డుమీద తూచింది తూకం, నీళ్లమీద తూచింది ఊగులాటండీ” అనెను. అల ఒక్కటి లేచి దిగినపుడు కలుగు ఊపు, మనము వెదకు మూడు గింజలకు వేలరెట్లు. పెనుగాలిలో పుట్టిన చప్పుళ్ల నడుమ దోమ రొదను వినుటవంటిది ఆ పని.

దీనికి ఉపాయము కనిపెట్టినవాడు హాలెండు దేశీయుడగు వెనింగ్ మైనెస్. పైన అలలున్నవి గదా, అలలు లేని లోతునకు పోవుదము అనెను ఆయన. 1923లో డచ్చి నౌకాదళమువారి కె-2 అను జలాంతర్గామిలో ఎక్కి, సూయజు కాలువమీదుగా మన హిందూమహాసముద్రమును దాటి జావావరకు పోయెను. మనిషి ఆరడుగులకు మించిన పొడగరి. జలాంతర్గామిలోని గదులన్ననో వంగి నడువవలసినవి. తూచవలసిన చోట ఓడను నీటిలోనికి ముంచి, సిబ్బందిని కదలక మెదలక ఉండుమని చెప్పి, పలు లోలకములను ఒకేమారు ఊపి, వాని ఊపులను ఫోటో కాగితముమీద వెలుగుగీతగా వ్రాయించెడివాడు. ఒక్కొక్క లోలకమును ఓడ కదలిక చెడగొట్టినను, ప్రక్కప్రక్క లోలకముల నడుమ తేడాను మాత్రము చెడగొట్టలేదు. ఆ తేడాలోనే నిజము నిలిచియుండెడిది. ఒక్కటి గాక పలు లోలకములు ఎందుకో తెలిసినది గదా!

1957 నాటికి అలలపైననే తేలు ఓడలలో తూచు స్ప్రింగు పరికరములు వచ్చినవి. ఓడ ఎంత ఒరిగినను తాను నిటారుగా నిలుచు పీటమీద ఆ పరికరమును ఉంచి, దాని కదలికను మెత్తగా అదిమిపట్టి, నిమిషములతరబడి సరాసరి తీయుదురు. అల పైకి లేపినంతయు క్రిందికి దింపును గనుక సరాసరిలో అల కరగిపోవును. మూడు గింజలు మిగులును.

అయినను ఒక చిక్కు మిగిలినది, అది వినుటకు వింతగా ఉండును. బందరు రేవునుండి ఓడ తూర్పుగా అండమాన్ వైపు పోవుచున్నది. అందులో మన డెబ్బది అయిదు కిలోల బస్తా ఉన్నది. గంటకు పది నాటికల్ మైళ్ల వేగము. ఆ బస్తా రేవులో నిలిచినప్పటికన్న అయిదున్నర గ్రాములు తేలిక! అదే బస్తా, అదే వేగముతో పడమటగా తిరిగివచ్చునపుడు అయిదున్నర గ్రాములు బరువు! ఎవడును గింజ తీయలేదు, గింజ వేయలేదు. భూమి తూర్పుగా తిరుగుచున్నది. తూర్పుగా పోవు ఓడ భూమికన్న త్వరగా తిరిగినట్లై, రంగులరాట్నములో బయటకు విసరబడినట్లు రవంత తేలికపడును. పడమటగా పోవునది భూమి తిరుగుడును రవంత వెనుకకు తీసినట్లై బరువెక్కును. హంగరీ శాస్త్రజ్ఞుడు ఎయొత్వొష్ దీనిని లెక్కగట్టెను. మనము పట్టవలసినది మూడు నాలుగు గింజలు. ఓడ దిక్కు మారినంతనే వచ్చు తేడా వందలకొలది గింజలు. కాబట్టి సముద్రమును తూచు ఓడ తన వేగమును, దిక్కును బహుజాగ్రత్తగా వ్రాసికొనవలెను.

మన కృష్ణానది పేరు పెట్టుకొన్న ఓడ ఒకటి ఈ సముద్రశోధన చరిత్రలో కలదని చెప్పుటకు నాకు సంతోషముగా ఉన్నది. 1959 మొదలు 1965 వరకు అనేక దేశములవారు కలిసి హిందూమహాసముద్రమును శోధించినపుడు, మన దేశము పక్షమున పాల్గొన్న ఓడలలో ఒకటి నౌకాదళమువారి ‘కిస్ట్నా’. యుద్ధమునకు కట్టిన ఓడ శాస్త్రమునకు పనిచేసినది. ఆ కాలముననే విశాఖపట్నము తీరమునకు ఎదుట, సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టబడినవి. మహాదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రాచార్యులు. పిమ్మట 1983లో సాగరకన్య అను శోధననౌక వచ్చి, బంగాళాఖాతమున అనేక యాత్రలు చేసినది.

అయితే ఓడకు ఒక లోపము ఉన్నది. అది నడచిన గీతను మాత్రమే తూచగలదు. అంత పెద్ద సముద్రమున ఓడల గీతలు, వంద ఎకరముల చేనిలో ఒక ఎద్దు నడచిన అడుగులవంటివి. నడుమనున్న నేల సంగతి ఎట్లు?

ఇక్కడనే ఉపగ్రహము వచ్చుచున్నది. దాని యుక్తి చాల చక్కనిది. సముద్రమును తూచుటకు తక్కెడ వేరుగా ఎందుకు? సముద్రమే తక్కెడ. బరువున్న చోటికి నీరు చేరును, లేని చోట క్రుంగును అని ముందే చెప్పుకొంటిమి. కాబట్టి నీటి పైముఖము ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నదో ఆకాశమునుండి కొలిచినచో, ఆకర్షణ ఎక్కడ ఎంత ఉన్నదో దానినుండి లెక్కకట్టవచ్చును.

2013 ఫిబ్రవరి 25వ తేదీ సాయంకాలము మన శ్రీహరికోటనుండి సరళ్ అను ఉపగ్రహము ఎగిరినది. రాకెట్టు మనది, రాడారు ఫ్రాన్సువారిది. సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, అది సముద్రముమీదికి రేడియో తరంగములను సూటిగా పంపును. ఇప్పుడు ఈ రేడియోలో మీ చెవికి నా మాటను మోసికొనివచ్చినదియు ఆ జాతి తరంగమే. అది నీటిని తాకి తిరిగి పోవును. పోయివచ్చుటకు సెకనులో సుమారు రెండువందలవ వంతు కాలము పట్టును. ఆ కాలమును కొలిచి, ఉపగ్రహమునుండి నీటికి గల దూరమును అంగుళములలో చెప్పుదురు. ఆటుపోట్లను, అలలను, గాలిలోని తేమ కలిగించు ఆలస్యమును లెక్కలో తీసివేసిన పిమ్మట మిగులునది సముద్రపు అసలు ముఖము.

ఇప్పుడు మన జానెడు పల్లమును తలచుకొనుడు. బందరు కాలువకు కిలోమీటరునకు జానెడు వాలు గదా! సముద్రపు ముఖములో కిలోమీటరునకు ఒక్క మిల్లీమీటరు వాలు కనబడినచో, అక్కడ ఆకర్షణలో తేడా సుమారుగా ఒక మిల్లీగాల్. అనగా మన బస్తాలో మూడు నాలుగు గింజలు. కాలువవారు జానెడు వాలుతో నీటిని నడిపించిరి. ఉపగ్రహమువారు మిల్లీమీటరు వాలుతో సముద్రపు అడుగును చదువుచున్నారు. ఇద్దరిదియు మట్టపు విద్యయే. భేదమెల్ల ఒక్కటి: కాలువలో వాలున్నచో నీరు పారును, సముద్రమున ఈ వాలుమీద నీరు పారదు. ఎందుకు పారదో, మేస్త్రీ దారము సంగతిలో చెప్పుకొంటిమి.

సరళ్ కథలో ఒక చిత్రమున్నది. అది మొదట ముప్పదియైదు దినములకొకమారు అవే గీతలమీద, గానుగెద్దువలె, మరల మరల తిరిగెడిది. కొన్నేండ్లకు దానిని సూటిగా నిలుపు చక్రములలో ఇబ్బంది కలిగి, ఆ గీతలమీదనే నిలుపుట కష్టమయ్యెను. 2016 జూలైలో దానిని కావలెననియే దారి తప్పనిచ్చిరి. దారి తప్పిన ఉపగ్రహము రోజురోజునకు క్రొత్త గీతలమీద నడచి, పాత గీతల నడుమ మిగిలిన బీడునంతయు దున్నినది. ఆకర్షణ పటము వ్రాయువారికి అంతకన్న కావలసినది లేదు. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ అను ఉపగ్రహమైతే గీతను గాక, వెడల్పాటి పట్టెనే ఒక్కమారు కొలుచుచున్నది.

అయినచో ఓడలు ఇక ఏల? అవసరమే. ఒడ్డునకు దగ్గరగా వచ్చినపుడు రాడారు తరంగమునకు నేలయు నీరును కలిసి కనబడి కొలత చెడును. హంసలదీవి ఎదుట, నాగాయలంక మడ అడవుల ఎదుట, ఉపగ్రహము చూపు మసకబారును. అదిగాక, ఓడ తూచినంత సన్నగా ఉపగ్రహము తూచలేదు. ఉపగ్రహము దూరమునుండి చేనంతను చూచును, ఓడ దగ్గరకు పోయి వెన్నును పట్టి గింజను చూచును. ఇద్దరి మాటయు కలిసినపుడే లెక్క కుదురును.

ఈ తూకములో మన బంగాళాఖాతము ఏమి చెప్పినది? ఇక్కడ అడుగున, కిలోమీటర్లకొలది ఒండ్రుమట్టి క్రింద, ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిన ఒక పర్వతశ్రేణి పాతిపెట్టబడి యున్నది. తూర్పు రేఖాంశము 85 డిగ్రీలు గనుక దానిని ఎనుబదియైదు డిగ్రీల గట్టు అందురు. దానిని కప్పిన ఒండ్రు గంగాబ్రహ్మపుత్రలు మోసికొనివచ్చినది. మహానది, గోదావరి, కృష్ణ కూడ తమ పాలు వేసినవి. 1978లో ఎగిరి నూరుదినములు మాత్రమే పనిచేసిన సీశాట్ అను ఉపగ్రహపు కొలతలతో 1982లోనే ఈ గట్టుమీది ఆకర్షణను పరిశీలించిరి. అప్పుడొక వింత తేలినది. కొండ యున్నచోట నీరు ఉబ్బవలెను గదా? ఇక్కడ క్రుంగినది! కొండమీద బరువు ఎక్కువకు బదులు తక్కువగా కనబడినది. దీనికి చెప్పబడిన వివరణలలో ఒకటి ఇట్లున్నది. కొండ పుట్టినపుడు తన బరువుచే అడుగునేలను క్రిందికి వంచినది. ఆ వంపులో లోతుగా దిగిన తేలికరాయి దాని వేరు. తరువాత ఒండ్రు వచ్చి కొండ చుట్టును పూడ్చి, కొండకును చుట్టునున్న దానికిని బరువులో భేదమును చెరపివేసినది. కొండ బరువు మాసిపోయినది, వేరులోని లోటు మాత్రము మిగిలినది. ఇంకను దక్షిణమున, ఒండ్రు కప్పివేయని చోట, అఫనాసీ నికీతిన్ అను పేరుగల సముద్రగర్భ పర్వతము ఉన్నది. అక్కడ నీరు చెప్పినట్లే ఉబ్బినది. ఆ నికీతిన్ పదునైదవ శతాబ్దమున మన బీదరు పట్టణమునకు వచ్చిన రష్యా యాత్రికుడు.

సముద్రమువరకు ఏల? మన వరిచేల క్రిందనే ఇట్టి కొండలు ఉన్నవి. కైకలూరు ప్రాంతమున అంతయు బల్లపరుపు నేల. గట్టెక్కినచో కొల్లేరు కనబడును. కాని ఆ నేల లోతున కాజ కైకలూరు గట్టు అను రాతిమిట్ట పాతిపెట్టబడి యున్నది. అటు బాపట్ల వైపునను, ఇటు తణుకు వైపునను అట్టివే మిట్టలు. మిట్టల నడుమ పల్లములు, ఆ పల్లములలో ఒండ్రు, ఒండ్రులో చమురు, వాయువు. కృష్ణాగోదావరి తీరమున ఇట్టి నేలను, ఇట్టి సముద్రమును చదువుటలో ఆకర్షణ తూకము మొదటి అక్షరములలో ఒకటి.

ఇక అన్నిటికన్న పెద్ద వింత. శ్రీలంకకు దక్షిణమున, హిందూమహాసముద్రమున, నీటిమట్టము భూమికి లెక్కలో గీసిన నున్నని ఆకృతికన్న 106 మీటర్లు క్రుంగియున్నది. ప్రపంచమున ఇంతకన్న క్రుంగిన చోటు లేదు. ముప్పదియైదు అంతస్తుల మేడ అంత లోతు! దీనిని 1948లో గుర్తించినవాడు మన పొడగరి వెనింగ్ మైనెస్‌యే. కారణమేమని డెబ్బదియైదు సంవత్సరములు చర్చ జరిగినది. 2023లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన దేబాంజన్ పాల్, ఆత్రేయీ ఘోష్ అను ఇరువురు, భూమి లోపలి కదలికలను కోట్లయేండ్ల వెనుకనుండి గణించి ఒక సమాధానమిచ్చిరి. భారతభూమి ఉత్తరమునకు కదలినపుడు నడుమనుండి మాయమైన టెతిస్ సముద్రపు అడుగు భూగర్భములోనికి దిగి, ఆఫ్రికా క్రిందనున్న వేడిరాతిని కదిలించినదట. అది పొగవలె పైకి లేచి మన సముద్రము క్రింద చేరినదట. వేడిరాయి తేలిక. బరువు లేని చోట నీరు క్రుంగును.

ఆ పల్లపు అంచు మనదాక వచ్చియున్నది. విజయవాడ స్టేషనులో పసుపుపచ్చని పలక ప్రక్కన నిలిచి, సవరణ లేని జి.పి.ఎస్. యంత్రమును తెరచి చూచినచో, మీరు యాభై మీటర్లకు పైగా క్రింద ఉన్నారని అది చెప్పును. కొన్ని సెల్‌ఫోనులలో గూడ ఈ వింత కనబడును. పలకయేమో సముద్రమునకు పైన ఉన్నావనును, యంత్రమేమో క్రింద ఉన్నావనును. యంత్రము అబద్ధమాడలేదు. అది లెక్కలోని నున్నని భూమినుండి కొలిచినది. పలక నీటినుండి కొలిచినది.

రెంటిలో మనకు కావలసినది ఏది? దివిసీమవారిని అడుగుడు. 1864లో బందరుమీదికి, 1977 నవంబరు 19న దివిసీమమీదికి ఉప్పెన వచ్చినపుడు, ఎవరి గడప ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదనునదే ప్రాణమునకు, మృత్యువునకు నడుమ గీటు. ఆ ఎత్తు నీటినుండి కొలిచిన ఎత్తు. కరకట్ట ఎంత లేపవలెను, తుపాను రక్షణ భవనమును ఏ మిట్టమీద కట్టవలెను, మురుగు ఎటు పారును అను ప్రశ్నలకు యంత్రపు అంకెను తిన్నగా తీసికొన్నచో ఏమియు తేలదు. ఆ అంకెను నీటిమాటలోనికి మార్చవలెను. మార్చుటకు ఆకర్షణ తెలియవలెను. ఆకర్షణ తెలియుటకు నేలను, సముద్రమును తూచవలెను. బేసెవీ లోలకమునుండి సరళ్ రాడారువరకు జరిగిన శ్రమ, కోడూరులో ఒక ఇంటి అరుగు ఎత్తును సరిగా చెప్పుటకు గూడ పనికివచ్చును.

ఒక్క మాట చెప్పి ముగించెదను. ఈ బరువులు స్థిరముగా ఉండవు. 2002లో ఎగిరిన గ్రేస్ అను ఉపగ్రహముల జంట, ఒకే కాడికి కట్టిన జోడెడ్లవలె, ఒకదాని వెనుక ఒకటి సుమారు రెండువందల ఇరువది కిలోమీటర్ల ఎడముతో నడచినది. క్రింద బరువు ఎక్కువైనచో ముందుది ముందుగా లాగబడును, ఎడము వెంట్రుకకన్న సన్నని పాటి మారును. ఆ మార్పును చూచి, పంజాబు, హర్యానా, రాజస్థానములలో భూగర్భజలము తరుగుచున్నదని 2009లో చెప్పిరి. నీరు తోడినంత మేర నేల తేలికపడినది. ఆకాశమునకు ఆ సంగతి తెలిసినది.

మా ఊరి లస్కరునకు ఈ ఉపగ్రహములు తెలియవు. మట్టము మనము పెట్టునది కాదని, నీళ్లు పెట్టునని మాత్రము తెలియును. నీటికి ఆ మట్టము చెప్పునది భూమి లోపలి బరువు అని దానికి నేను చేర్చగలిగినది ఒక్క ముక్క. రేపు మీ వీధిలో ఎక్కడైన ఇల్లు కట్టుచున్నచో ఒక క్షణము నిలిచి చూడుడు. మేస్త్రీ నీళ్లు నింపిన సన్నని గొట్టమును ఈ గోడకొకచివర, ఆ గోడకొకచివర పట్టించి, గొట్టములో నీరు నిలుచువరకు ఊరకుండి, అప్పుడు సుద్దముక్కతో గీత గీయును. ఆ ఊరకుండు క్షణమును చూడుడు.